అతుకు కనపడని సముద్రం

"ఒకవేళ అది సూసి ఎవులైనా ఏడిత్తే ఏటి సేత్తావే?" అని అడిగాను.

మా అమ్మాయి నూకరత్నం అద్దం ముందు నిలబడి చున్నీకి పిన్ను పెట్టుకుంటోంది. నోట్లోని పిన్ను తీసి నవ్వింది. "సముద్రం చూసి ఏడవడమేటమ్మా? తలుపు తీస్తే ఎదురుగా ఉన్నదే కదా."

"ఇది ఆ రోజు సముద్రం."

"అందుకేగా చూపిస్తన్నాం. ఏటయిందో తేలిపోద్ది. నీ ఒకవేళలన్నీ కాసేపు నీ కుట్టు మిషను సొరుగులో పడేసి తాళం పెట్టెయ్."

నాది మొదట్నుంచీ భయాల పుట్టుకే. కుక్కరు కూత కాస్త ఆలస్యమైతే గ్యాసు పేలుతుందనుకుంటాను. రత్నం ఫోను ఎత్తకపోతే బస్సు కొండ మీంచి పడిపోయిందనుకుంటాను. ఏడో తరగతితో చదువు ఆగిపోయింది. విశాఖ తీరంలో మా పేటలో జాకెట్లు కుడుతూ కూర్చుంటాను. మా ఆయన ఐసు ఫ్యాక్టరీలో పని. మా ఇద్దరి ఇళ్లలోనూ తాతల నుంచి సముద్రం మీద బతికినవాళ్లే. అలాంటి ఇంట్లో పుట్టిన రత్నం కొండ మీది స్టూడియోలో ఏసీ గదిలో కూర్చుని సినిమాలకు సముద్రం తయారుచేస్తుంది. పేటలో ఈ మాట చెబితే మొదట్లో ఎవరూ నమ్మలేదు. "దేవుడు సేసింది సాల్లేదేటి మీ గుంటకి?" అని వెక్కిరించారు.

నాకూ అర్థమయ్యేది కాదు. ఫోటోలు తీసి అతికిస్తారేమో అనుకున్నాను. ఒకసారి జాకెట్టు గుడ్డ మీద పువ్వుకు పువ్వు కలిపి కుట్టలేక నేను విసుక్కుంటుంటే రత్నం పక్కన కూర్చుని చెప్పింది. "మా దాంట్లో ఒక్క ఫోటో కూడా ఉండదమ్మా. అంతా లెక్కే. ముందు పెద్ద అల వేస్తాం. దాని మీద చిన్న అల, దాని మీద ఇంకా చిన్నది, అలా మడతల మీద మడతలు. పైన నీటి గుడ్డ కప్పుతాం. ఆ గుడ్డ మీది నురగ, మెరుపు, నలుపు అన్నీ కూడా లెక్కలోంచే పుట్టుకొస్తాయి. అచ్చు కొట్టినవి కావు. అందుకే ఎంత దూరం పరిచినా ఒకే పువ్వు రెండోసారి రాదు."

"మరి అతుకో?"

"అతుకు ఉండదు. ఉన్నా కనపడదు. అదే మా గొప్ప."

అతుకు కనపడకపోవడం గొప్పేనని నాకు ఒకరు చెప్పక్కర్లేదు. అది నా పనే.

తర్వాత రత్నమూ, వాళ్ల శశిధర్ సారూ కలిసి కొత్తది ఒకటి తయారుచేశారు. ఫలానా రోజు గాలి ఎటు వీచింది, చంద్రుడు ఏ తిథిలో ఉన్నాడు, ఆ చోట సముద్రం అడుగున నేల ఎలా ఉంది, ఇవన్నీ చెబితే చాలు, అయిపోయిన ఏ రోజు సముద్రమైనా తెర మీద మళ్లీ కదులుతుంది. దానికి 'నాటి సముద్రం' అని పేరు పెట్టుకున్నారు. నవ్వులాటకి నా పెళ్లిరోజు సముద్రం చూపించమన్నాను. చూపించింది. పొద్దుటి ఎండలో, నీలంలో కొంచెం పసుపు కలిసినట్టు, చిన్న చిన్న అలలు. "అచ్చం అదేనే!" అని కళ్లు తుడుచుకున్నాను.

పెళ్లిరోజు నేను తల ఎత్తి సముద్రం చూసిందెప్పుడని? రోజంతా వంచిన మెడ వంచినట్టే ఉన్నాను. ఆ మాట అప్పుడు తట్టలేదు.

*

మా ఎదురింటి ఎల్లాజీ అన్నయ్య, బావమరిది దానయ్యతో కలిసి ఫైబరు తెప్ప మీద వేటకు వెళ్లాడు. గాలి మారింది. మర్నాడు వేరే బోటు వాళ్లకు ఎల్లాజీ అన్నయ్య ఒక్కడే దొరికాడు, ఖాళీ డీజిలు క్యాను పట్టుకుని తేలుతూ. దానయ్య దొరకలేదు. దానయ్యంటే ఎల్లాజీ అన్నయ్య భార్య పోలమ్మ వదినకు తమ్ముడు మాత్రమే కాదు, తల్లి పోయాక తను ఎత్తుకుని పెంచిన పిల్లాడు.

విచారణకు వచ్చిన ఆఫీసరు ఎక్కడో రత్నం వాళ్ల సముద్రం సంగతి విన్నాడు. తెప్ప ఎక్కడెక్కడ తిరిగిందో గుర్తుపెట్టుకునే చిన్న మిషను, బోల్తాపడ్డ తెప్పతోపాటు ఒడ్డుకు కొట్టుకొచ్చింది. దాన్ని స్టూడియోకి పంపాడు. ఆ రోజు సముద్రాన్ని మళ్లీ వేసి, ఆ తెప్పను దాని మీద నడిపి, పేట అందరి ముందూ చూపించమన్నాడు.

రండి రండి, మా రత్నం చేసిన సముద్రం చూద్దురు గాని, అని గడప గడపకీ చెప్పింది నేనే. భయమూ ఉంది, మురిపెమూ ఉంది. భయం నోటితో చెప్పాను, మురిపెం కాళ్లతో తిరిగాను.

కమ్యూనిటీ హాలు తలుపులు మూసి, తెర వేశారు. సముద్రం వచ్చింది. చిన్నపిల్లలు కాళ్లు వెనక్కి లాక్కున్నారు, తడుస్తాయేమోనని. ముసలాళ్లు నిటారుగా కూర్చున్నారు. "ఓలమ్మో, అదే గాలి" అన్నారెవరో. నీళ్ల మధ్యలోంచి దానయ్య వాళ్ల తెప్ప నడిచి వస్తోంది, పక్కన ఎర్ర గీతతో సహా.

"తెప్పలో ఎవులూ నేరేటే?" అని రత్నం చెవిలో అడిగాను.

"మనుషుల్ని పెట్టలేదమ్మా. సముద్రం ఒకటే అడిగారు. మాట్లాడకు."

తెప్ప ఎక్కింది, దిగింది, ఎక్కింది. అలలకు ఎదురుగా బాగానే పోతోంది. ఉన్నట్టుండి పక్కకి తిరిగింది. అడ్డం పడిపోయింది. దాని మీదకు అల లేచింది. అంచు పలచబడి, ఎండ దాంట్లోంచి ఆకుపచ్చగా కనపడి, పైన నురగ పువ్వులా విచ్చుకుని... నిజం చెబుతున్నాను, అంత అందమైన అల నేను సముద్రం మీద కూడా చూడలేదు. అది విరిగి పడింది. తెప్ప లేదు.

ఆఫీసరు బొమ్మ ఆపించాడు. "అలకి ఎదురు నడపాల్సిన తెప్ప అడ్డం తిరిగింది. ఎల్లాజీ, తిప్పింది నువ్వేనా? అవునా, కాదా? ఒక్క మాటలో చెప్పు చాలు."

ఎల్లాజీ అన్నయ్య లేచాడు. నోరు తెరిచాడు. తెర వైపు చూశాడు, పోలమ్మ వైపు చూశాడు. నోరు మూసుకుని కూర్చున్నాడు.

"మాటాడవేటి?" అంది పోలమ్మ వదిన. "ఆ ముక్కేదో సెప్పు. తిప్పినావా?"

అతను మాట్లాడలేదు. ఇన్నేళ్లు చుక్కాని పట్టినవాడు గాలిలో తెప్పను అడ్డం తిప్పాడంటే అది చేతకానితనమో, తాగుడో అయ్యుండాలని పేట అంతా అనుకుంది. విచారణ తేలే దాకా అతను ఏ తెప్ప మీదా చుక్కాని ముట్టకూడదని పెద్దలు చెప్పారు. దానికీ అతను సరే అనలేదు, కాదనలేదు.

*

ఆ తర్వాత ఎదురింట్లోంచి మాట వినపడలేదు. పోలమ్మ వదిన కంచంలో అన్నం పెట్టి, అతని పక్కన నేల మీద జరిపి, వెళ్లిపోయేది. అతను వలలు పెట్టుకునే పాకలో గోడ వైపు తిరిగి కూర్చునేవాడు, సముద్రానికి వీపు పెట్టి. వేట నుంచి రాగానే కూరకని నాలుగు చేపలు మా గడప మీద పడేసి, "రత్నానికి ముల్లు తీసి పెట్టు" అని కేకేసి పోయే మనిషి. ఆ కేక లేక మా వీధే మూగబోయింది.

నన్ను మాత్రం అందరూ మెచ్చుకున్నారు. జాకెట్టు కొలతలిస్తూ, "మీ గుంట పుణ్యమా అని నిజం బయటపడ్డాది" అనేవారు. టేపు మెడలో వేసుకుని నవ్వేదాన్ని. ఎల్లాజీ అన్నయ్య పాక కనపడకుండా కుట్టు మిషను అటు నుంచి ఇటు తిప్పుకున్నాను.

రత్నం తిండి తినడం మానేసింది. స్టూడియోకి పట్టుకెళ్లిన క్యారేజీ పట్టుకెళ్లినట్టే తిరిగొచ్చేది. "పేటలో ఏటనుకుంటన్నారమ్మా?" అని అడిగేది. "నిన్ను మెచ్చుకుంటన్నారే" అంటే దుప్పటి ముసుగేసుకునేది. ఎవరైనా కుర్రాడి గొడవా, రోగమా, ఉద్యోగంలో చిక్కా అని నేను ఎన్ని రకాలుగా వణకాలో అన్ని రకాలుగానూ వణికాను. ఒక మధ్యాహ్నం నేనే వేడన్నం కట్టుకుని కొండెక్కాను.

స్టూడియో గదిలో అది ఒక్కతే ఉంది. ఎదురుగా తెర మీద ఆ అల, విరగబోతూ ఆగిపోయి ఉంది.

"మళ్లీ దీన్నే సూత్తన్నావేటే?" అన్నాను. "ఒకవేళ ఆ అల కాకపోతే? ఇంకో అలేదైనా అయితే?"

అది నా అలవాటు. మామూలుగా అయితే "మొదలెట్టావా" అని నవ్వేది. ఈసారి నవ్వలేదు. మౌసు మీద చెయ్యి అలాగే బిగుసుకుపోయింది.

"నీకెవరు చెప్పారు?" అంది.

"ఏటి సెప్పడం?"

కుర్చీ నా వైపు జరిపి కూర్చోమంది. తెర మూల చిన్న గడి చూపించింది. "ఇందులో ఒక నంబరుంటాదమ్మా. విత్తనం లాంటిది. గాలీ, చంద్రుడూ, నేలా ఏవీ ముట్టుకోను. ఈ నంబరొకటే మారుస్తాను, చూడు."

మార్చింది. అదే గాలి, అదే మబ్బు, వేరే సముద్రం. తెప్ప ఎటూ తిరగలేదు. వెనక నుంచి అల వచ్చి దాన్ని మింగేసింది. మళ్లీ మార్చింది. ఈసారి రెండు వైపుల నుంచీ అలలొచ్చి మధ్యలో నలిపేశాయి. ఇంకోసారి మార్చింది. తెప్ప ఊగింది, తూలింది, మునగలేదు. నెమ్మదిగా ఒడ్డు వైపు నడిచి వచ్చేస్తోంది.

నేను తెర దగ్గరికి వంగాను. "ఇందులో దానయ్య బతికే ఉన్నాడేటే?"

"ఇందులో దానయ్య బాబాయే లేడమ్మా" అంది రత్నం.

మిగతాది కూడా చెప్పింది. తెప్పలోని మిషను దారంతా గుర్తుపెట్టుకుంది గాని, నీళ్లు చొరబడ్డాక ఆగిపోయింది. అక్కడి దాకానే నిజం. ఆ తర్వాత తెప్ప తిరగడం, అల లేవడం, మునగడం అంతా ప్రోగ్రాము అల్లింది.

"ఇక్కడి నించి మా అల్లికని సెప్పినారా ఆ ఆఫీసరుకి?"

"అడగలేదు. మేమూ చెప్పలేదు. అతుకు కనపడకుండా కలిపేశాం."

"మరన్ని సముద్రాలుండగా, ఇదే ఎందుకు సూపించినావు?"

రత్నం నా మొహం చూడలేదు. "బాగుందమ్మా."

"బాగుండటమేటే?"

"నిజంలా ఉంది. సినిమాకి ఎప్పుడూ అంతే చేస్తాం. చాలా సముద్రాలు వేసి చూసి, ఏది నిజంలా ఉంటే అది ఉంచుతాం. ఆ రోజు కూడా చెయ్యి అలవాటు కొద్దీ అలాగే చేసేసింది. నురగ అంత బాగా ఇంక దేంట్లోనూ విచ్చుకోలేదు." రెండు చేతుల్తో మొహం కప్పుకుంది. "నురగ బాగుందని ఎల్లాజీ మావయ్యని ముంచేశానమ్మా."

నేను లేచి గది తలుపు మూశాను. తర్వాత నా నోటి నుంచి వచ్చిన మాట ఇదీ: "మెల్లగా మాటాడు. ఎవులికీ తెలీదు కదా?"

అది చేతులు తీసి నన్ను చూసింది. కోపంతో కాదు. చిన్నప్పుడు స్కూలు దగ్గర నేను ఆలస్యంగా వస్తే చూసినట్టు చూసింది. నేను క్యారేజీ మూత తీసి అన్నం కలపడం మొదలెట్టాను. పులుసు పొయ్యకుండానే కలుపుతున్నాను. ఆ సంగతి చేతికి తెలుస్తోంది గాని, ఆపలేకపోయాను.

*

శశిధర్ సారు చెడ్డవాడు కాదు. రత్నం చెప్పిందంతా విని చాలాసేపు నుదురు రుద్దుకున్నాడట. "ఇది బయటపెడితే మన సముద్రాన్ని రేపటి నుంచి ఎవరూ నమ్మరు, రత్నా" అన్నాడట.

"నమ్మకూడదు కదా సార్" అందట ఇది.

పిలిచే దాకా ఇంటి దగ్గర ఉండమన్నాడు. ఆ పిలుపు ఇక రాదని నాకు ఆ రోజే తెలిసిపోయింది. నా భయాల్లో కొన్ని నిజమవుతాయి కూడా. రత్నం తనే వెళ్లి ఆఫీసరుకు అంతా చెప్పి వచ్చింది. ఆ బొమ్మను సాక్ష్యంగా తీసుకోనని, విచారణ మళ్లీ మొదలెడతానని ఆయన అన్నాడు. "మరి ఎల్లాజీ గారికో?" అని ఇది అడిగితే, "అది మీరే చెప్పుకోండి" అన్నాడట.

మా ఆయనతో చెబితే తినే చెయ్యి ఆపాడు. "అందరి ముందూ తల దించినోడి దగ్గరికి అందరి ముందే ఎల్లాల" అన్నాడు. మళ్లీ తనే తల అడ్డంగా ఊపాడు. "కాదు. ముందు ఆడి గడప దగ్గరికెల్లండి. పేట సంగతి తరవాత."

వీధికి ఆ వైపు ఈ వైపు ఇళ్లు. ఒక్క గెంతు దూరం. ఆ దూరం దాటడానికి నా కాళ్లు రాలేదు. పొద్దుటి పూట, అందరూ చూస్తుండగా, తల వంచుకుని రత్నం వెనకే నడిచాను. పెళ్లి తర్వాత మళ్లీ అంతగా మెడ వంచింది అప్పుడే.

పోలమ్మ వదిన వాకిట్లో గోనె మీద చేపలు ఎండబెడుతోంది. రత్నం చేతిలో ల్యాప్‌టాప్ చూసి లేచి నిలబడింది. "ఏటే, మల్లీ ఏటి సూపిత్తావు? నా తమ్ముడు ఇంకోపాలి మునగాలా?"

రత్నం ఆమెను దాటుకుని నడిచింది. పాకలోకి వెళ్లి, ఎల్లాజీ అన్నయ్య వీపు వెనక నేల మీద కూర్చుంది. అన్ని సముద్రాలూ వరుసగా చూపించాలని తెచ్చుకుంది. తెరిచింది. తెర వెలుగు ఆ చీకటి పాకలో అతని వీపు మీద పడగానే అతని భుజాలు దగ్గరకు ముడుచుకున్నాయి. రత్నం టక్కున మూసేసి, గుమ్మం బయటకు జరిపేసింది.

"మావయ్యా, నేను చూపించింది ఆ రోజు సముద్రం కాదు" అంది. "కొంత దూరమే నిజం. ఆ తర్వాత నేనే అల్లాను. ఇంకో నంబరు వేసి ఉంటే తెప్ప తిరిగేదే కాదు. బాగుందని ఇది ఉంచాను. నువ్వు తెప్ప తిప్పలేదేమో మావయ్యా. నాకు తెలీదు. ఎవరికీ తెలీదు. తెలిసినట్టు చూపించాను."

గుమ్మంలోకి వచ్చిన పోలమ్మ వదిన చేతిలోంచి చేప జారి పడింది. నా వైపు చూసింది. నేను ఆ చూపు తట్టుకోలేక పాక రాట పట్టుకున్నాను. ఒకవేళ కొడితే? కొట్టనీ. ఒకవేళ వీధిలోకి వచ్చి అరిస్తే? అరవనీ. ఒకవేళ ఏమీ అనకుండా లోపలికి వెళ్లిపోతే? అదొక్కటే భరించలేననిపించింది.

పోలమ్మ వదిన గుమ్మంలోనే నిలబడిపోయింది.

రత్నం గొంతు సవరించుకుంది. "ఏం జరిగింది మావయ్యా?" అని అడిగింది.

అప్పుడు నాకు తట్టింది. ఆ మాట ఇంతవరకూ అతన్ని ఎవరూ అడగలేదు. ఆస్పత్రిలో ఉన్నప్పుడు ఒళ్లు కాలుతోందని అడగలేదు. ఒంట్లో నెమ్మదించేసరికి తెర వచ్చింది. తెర మీద చూశాక అడగడానికి ఏముంది? తిప్పావా లేదా అనే అడిగారు గాని, ఆ తెప్పలో అంతసేపు ఉండి వచ్చిన మనిషిని ఏం జరిగిందని అడిగిన నోరు లేదు. నా నోరూ లేదు.

కాకి ఒకటి వచ్చి గోనె మీది చేపను ముక్కున పట్టుకుని ఎగిరిపోయింది. పోలమ్మ వదిన తోలలేదు. బయట అల విరిగిన చప్పుడు, లాక్కుపోయిన చప్పుడు, మళ్లీ విరిగిన చప్పుడు. పాక కప్పు కన్నంలోంచి పడుతున్న ఎండ అతని వీపు మీంచి జారి వల మీదకు, వల మీంచి రత్నం మోకాలి మీదకు వచ్చింది. నా కాళ్లు తిమ్మిరెక్కాయి. ఇక పోదామన్నట్టు రత్నం భుజం మీద చెయ్యి వేశాను. అది కదల్లేదు.

ఎల్లాజీ అన్నయ్య నేల మీద చెయ్యి ఆనించి, మెల్లగా గోడ వైపు నుంచి ఇటు తిరిగాడు. గడ్డం మాసిపోయి ఉంది. మమ్మల్ని చూడలేదు. గుమ్మంలో నిలబడ్డ భార్యను చూశాడు.

"తిప్పినాను" అన్నాడు. మాట వాడక గొంతు జీరబోయింది. రత్నం తల వాలిపోయింది.

"నానే తిప్పినాను, పోలమ్మా. అప్పటికే దానయ్య నీల్లలో పడిపోనాడు. బావా, బావా అని పిలుత్తన్నాడు. ఆడి ఏపు తిప్పకుండా నానెలగొత్తాను?"